చెవి దాటని చెయ్యి

మా గురువుకు గురువైన పెద్ద సార్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన సంగతి నేను పదహారు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది ఒక్క మనిషికే. ఆ మనిషి రోజూ పొద్దున ఐదున్నరకు నా ఎదుట నిలబడి, వంగి దండం పెట్టి, నా మణికట్టు పట్టుకునేది. అయినా చెప్పలేదు.

ఫోన్‌లో ఆయన చెప్పింది చిన్న మాటే. నేను సెమినార్‌కు తీసుకొచ్చిన పిల్లల్లో పొడుగు జడ పిల్లను తన దగ్గరికి పంపమన్నారు. ఇంటర్ అయిపోయింది కదా, డిగ్రీ హైదరాబాద్‌లో చదువుకుంటుంది, తన శిష్యురాలి ఇంట్లో గది ఉంది, రోజూ సాయంత్రం వచ్చి నేర్చుకుంటుంది అన్నారు. నొచ్చుకోవద్దని ముందే చెప్పి, నీ దగ్గరే ఉంటే ఇక ఎదగదు అని కూడా అన్నారు. నొచ్చుకోవద్దని చెప్పి మరీ అనే మాటలే ఎక్కువ నొప్పి పెడతాయి. సరే సార్ అని ఫోన్ పెట్టేసి, పిల్లలను గ్రౌండ్‌లోకి రమ్మని విజిల్ ఊదాను.

నేను జనగామలో ఒక బాలికల గురుకులంలో పీఈటీని. కబడ్డీ, ఖోఖో ఆడించడం నా ఉద్యోగం. ఐకిడో నేర్పడం నా పిచ్చి. ఆ పేరు వినని వాళ్ళకు ఇలా చెబుతుంటాను. ఇది జపాన్ విద్య. ఇందులో గుద్దులూ తన్నులూ ఉండవు. ఎదుటి మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటే, వాళ్ళు వచ్చిన ఊపుతోనే వాళ్ళను తిప్పి కింద పడేస్తాం. పడ్డవాళ్ళు లేచి మళ్ళీ వచ్చి పట్టుకుంటారు. కాసేపటికి మన వంతు వస్తుంది, అప్పుడు మనం పడాలి. పోటీలు లేవు, పతకాలు లేవు. అందుకే మా వైపు దీన్ని ఎవరూ ఖాతరు చేయరు. ఊళ్ళో కరాటే మాస్టర్ దగ్గర హాలు నిండా పిల్లలుంటే నా దగ్గర తొమ్మిది మంది. అందులో ఎనిమిది మంది పొద్దున్నే చదివించే గంట తప్పించుకోవడానికే వస్తారని నాకు తెలుసు. తెలిసినా ఏమీ అనను. అంటే ఆ ఎనిమిది మందీ రారు.

ఈ విద్యలో ఒక చిక్కు ఉంది. దీన్ని ఒంటరిగా చేయలేం. యోగా చేసేవాళ్ళకు చాప ఉంటే చాలు, పరిగెత్తేవాళ్ళకు రోడ్డు చాలు. మాకు మనిషి కావాలి. పట్టుకోవడం తెలిసిన మనిషి, పడటం తెలిసిన మనిషి, మొహమాటపడకుండా మనల్ని పడేసే మనిషి. జనగామ మొత్తం మీద నన్ను నిజంగా పడేయగలిగింది ఆ పొడుగు జడ పిల్ల ఒక్కతే.

కొత్తగూడ అడవి వైపు పిల్ల. వాళ్ళ అమ్మానాన్నలు పోడు చేస్తారు. ఆరో తరగతిలో చేరినప్పుడు నాలుగు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. క్లాసులో మొదటి రోజు నా చెయ్యి పట్టుకొమ్మంటే పట్టుకుంది, వదలమంటే వదల్లేదు. అప్పుడే అనుకున్నాను, ఇది మన పిల్ల అని. ఏడేళ్ళ తర్వాత ఆ పిల్ల నన్ను తిప్పి విసిరితే నేను గాల్లో ఒక క్షణం ఉండి, భుజం మీదుగా దొర్లి లేచేదాన్ని. ఆ ఒక్క క్షణం కోసమే నేను పొద్దున లేచేదాన్ని. ఇది చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మిగతా రోజంతా హాజరు పట్టీలు, అన్నం గంటలు, హాస్టల్ వెనక నా గది. ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకొకటి వినపడదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళకు చెప్పే ఓపిక నాకు లేదు, ఇక్కడా చెప్పను. మాది పెద్దవంగర దగ్గర తండా. మా ఇంటి భాషలో అమ్మను యాడి అంటాం. యాడి ఒకసారి స్కూలుకు వచ్చి మా క్లాసు చూసింది. పిల్లలు వరసగా వచ్చి నా చెయ్యి పట్టుకోవడం, పడటం, మళ్ళీ రావడం చూసి చూసి, ఇంతమంది చేత చెయ్యి పట్టించుకుంటావు, ఒక్కడి చేత పట్టించుకోవడానికి ఏం రోగం అంది. నవ్వాను. తను నవ్వలేదు. ఆ తర్వాత ఆ ముచ్చట మళ్ళీ ఎత్తలేదు.

నాకు ఈ విద్య నేర్పింది మా సార్. నా మొదటి పోస్టింగ్ భూపాలపల్లిలో. ఆయన అక్కడ బొగ్గుబాయిలో పని చేసేవారు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. సొంతూరు రేగొండ దగ్గర. పడుచు వయసులో హైదరాబాద్ పోయి ఒక వ్యాయామశాలకు వాచ్‌మన్‌గా ఉన్నారట. సాయంత్రాలు అక్కడ పెద్ద సార్ ఐకిడో నేర్పేవారు. పెద్ద సార్ జపాన్ పోయి ఒక గురువు దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకుని వచ్చిన మనిషి. ఒక రోజు ఎవరో రాకపోతే వాచ్‌మన్‌ను పిలిచి చెయ్యి పట్టుకొమ్మన్నారు. అంతే, ఆరేళ్ళు పట్టుకున్నారు. తర్వాత వాళ్ళ నాయిన బొగ్గుబాయి ఉద్యోగం తనకు వచ్చి సార్ బాయి దిగారు. మా వంశవృక్షం అంతా ఇదే. జపాన్ గురువు, పెద్ద సార్, మా సార్, నేను.

సార్ తన క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో ఊక పోసి, పైన టార్పాలిన్ బిగించి కట్టి పడే జాగా చేశారు. మొదట్లో కాలనీ పిల్లలు పదిహేను మంది దాకా వచ్చేవారు. తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. నాకు జనగామకు బదిలీ అయ్యేసరికి నేను ఒక్కదాన్నే మిగిలాను. అయినా రెండు వారాలకు ఒకసారి ఆదివారం తెల్లవారకముందే బస్సెక్కి హన్మకొండలో మారి, పరకాల మీదుగా భూపాలపల్లి పోయేదాన్ని. సార్ భార్య షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. మేము రెండు గంటలు ఒకరినొకరం పడేసుకునేవాళ్ళం. తర్వాత ఆమె పెట్టిన అన్నం తిని తిరుగు బస్సు ఎక్కేదాన్ని. మొత్తం లెక్క వేస్తే పదకొండేళ్ళు.

ఏటా హైదరాబాద్‌లో పెద్ద సార్ మూడు రోజుల సెమినార్ పెట్టేవారు. దేశంలో ఎక్కడెక్కడి శిష్యులో వచ్చేవారు. కబురు మా సార్ ఫోన్‌కు వచ్చేది. పోదామా సార్ అంటే సెకండ్ షిఫ్ట్ ఉంది బిడ్డా అనేవారు. రిటైర్ అయ్యాక మోకాళ్ళు అన్నారు. నన్నైనా పొమ్మని అనలేదు. గురువు పొమ్మనకుండా ఎలా పోతాం? నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకు ఇంకొకరు అక్కర్లేదు అనే గర్వం కూడా ఉండేది. తాను వలచింది రంభ, తాను మునిగింది గంగ.

రెండేళ్ళ కింద సార్ గుండెపోటుతో పోయారు. ఆ ఏడు సెమినార్‌కు నేనే పోయాను. ఆయన తరఫున ఎవరైనా పోవాలి కదా అనిపించింది. పెద్ద హాలు. అరవై మంది దాకా ఉన్నారు, ఒకరికొకరు తెలిసినవాళ్ళే. జతలు కట్టమన్న ప్రతిసారీ అందరూ చటుక్కున ఒకరి వైపు ఒకరు తిరిగిపోయేవారు. నేను గోడ పక్కన మిగిలిపోయేదాన్ని. ముప్పై ఆరేళ్ళ మనిషిని, కొత్తగా బడిలో వేసిన పిల్లలాగా నిలబడ్డాను. చివరికి ఎవరో పుణ్యాత్మురాలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఆ పూట చేస్తున్నది మా విద్యలో పాతదే. ఎదుటి మనిషి మన మణికట్టు పట్టుకుంటారు. మనం కత్తి ఎత్తినట్టు చెయ్యి పైకెత్తి, వాళ్ళ చెయ్యి కింది నుంచి దూరి, వెనక్కి తిరిగి దించుతాం. సార్ దగ్గర వేలసార్లు చేసింది. తల వంచి, మోకాళ్ళు మడిచి, చెవి దాకా ఎత్తిన చెయ్యి కింద నుంచి దూరాను. పెద్ద సార్ నా ముందు ఆగారు. మళ్ళీ చేయమన్నారు. చేశాను. మీద కప్పు ఏమన్నా ఉందా తల్లీ, ఎందుకు వంగుతున్నావు అని అడిగారు.

నేను బెదరలేదు. ఇది మా సార్ పద్ధతి అన్నాను. చెయ్యి చెవి దాటకూడదు, తల వంచినవాళ్ళకే దారి దొరుకుతుంది అని చెప్పాను. అది సార్ ఎప్పుడూ చెప్పిన మాట కాదు. ఆయన చేస్తుంటే చూసి నేనే కట్టుకున్న సిద్ధాంతం. జనగామలో పిల్లలకు కూడా అదే ఉపదేశం చేసేదాన్ని, పెద్ద జ్ఞానిలా.

మీ సార్ ఎవరని అడిగారు. చెప్పాను. ఏం పని చేసేవాడని అడిగారు. బొగ్గుబాయిలో సార్, ముప్పై ఏళ్ళు అన్నాను.  పెద్ద సార్ నా మణికట్టు తనే పట్టుకున్నారు.

“వాని చెయ్యి ఈ హాల్ల అందరికంటె పైకి పోతుండె. ఫ్యాన్‌కు తగుల్తదేమో అని బుగులైతుండె నాకు.”

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు సగమే వినపడింది. ఇది బాయి నేర్పిన వంపు, మన గురువులది కాదు, పిల్లలకు ఇది నేర్పకు, దిద్దుకో అన్నారు. పట్టుకున్నవాళ్ళ మోచేతికి దెబ్బ తగులుతుంది కూడా అన్నారు. అది నిజమే, నా పిల్లలు మోచేతులు నొప్పి అనేవారు. నేను అలవాటు పడితే పోతుందిలే అనేదాన్ని. నాకు మాత్రం ఒకటే అనిపించింది. చెయ్యి అంత పైకెత్తే మా సార్‌ను నేను చూడలేదు. పదకొండేళ్ళు నేను చూసింది, మూడు దశాబ్దాలు తక్కువ ఎత్తు కప్పు కింద నడిచి నడిచి వంగిపోయిన మనిషిని.

జనగామ వచ్చి పిల్లలకు దిద్దాను. ఇన్నాళ్ళూ తప్పు చెప్పాను, చెయ్యి పూర్తిగా ఎత్తండి అన్నాను. పిల్లలకు వారం పట్టింది. నాకు రెండేళ్ళయినా రాలేదు. ఎత్తుతాను అనుకుంటాను, చెవి దగ్గరికి వచ్చాక మోకాలు దానంతటదే మడుచుకుంటుంది. అందుకని పొడుగు జడ పిల్లను ముందు నిలబెట్టి, నన్ను చూడకండి, దాన్ని చూడండి అని నేర్పుతూ వచ్చాను. ఈ ఏడు సెమినార్‌కు నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని పోయాను. పెద్ద సార్ ఆ పిల్ల చెయ్యి ఎత్తడం చూసి నా వైపు తిరిగి తల ఊపారు. నేను పొంగిపోయాను. దాని ఫలితమే నెల తిరక్కుండా వచ్చిన ఆ ఫోన్.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నేను ఆ పదహారు రోజులు గడిపాను. నాకు నేను చెప్పుకున్న సాకులకు లెక్క లేదు. సిటీ అంటే భయపడుతుంది. జనగామలో కూడా డిగ్రీ కాలేజీ ఉంది. ఇంట్లో వాళ్ళు ఒప్పుకోరు. ఎంట్రెన్స్ అయిపోనీ. ఆ పిల్ల పరీక్షలు అయిపోయినా ఎంట్రెన్స్ కోచింగ్ అని హాస్టల్‌లోనే ఉంది. రోజూ పొద్దున వచ్చేది, వంగి దండం పెట్టేది, పట్టుకునేది, పడేసేది. నేను లేచి మళ్ళీ ఎదురు నిలబడేదాన్ని. ఇంకో పది రోజులు ఆగితే కాలేజీల్లో చేరే గడువు దాటిపోతుంది, అప్పుడు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే అని కూడా ఒక పూట అనుకున్నాను. అనుకున్నాను అని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు కానీ, అనుకున్నాను.

ఫోన్ వచ్చిన పన్నెండో రోజు మా సార్ రెండో సంవత్సరీకం. భూపాలపల్లి పోయాను. చుట్టాలు తిని వెళ్ళిపోయాక సార్ భార్య, నేను షెడ్డు దగ్గర కూర్చున్నాం. ఊక ఎప్పుడో తీసేశారు. షెడ్డులో వడ్ల బస్తాలు, పాత కూలర్ ఉన్నాయి. మాటల్లో పెద్ద సార్ అన్నది చెప్పాను, సార్ చెయ్యి ఒకప్పుడు అందరికంటే పైకి పోయేదట అని. ఆమెకు సంతోషం అవుతుందని చెప్పాను. ఆమె తల ఊపింది. ఇంట్లో అటక మీది డబ్బా కూడా తనే తీసి ఇచ్చేదట, ఆయన చెయ్యి పైకి పోయేది కాదట. విద్యలో కూడా తన చెయ్యి వంగిపోయిందని సార్‌కు తెలుసా అని అడిగాను.

“ఎరుకే బిడ్డా. నీ చెయ్యి చూసినప్పుడల్ల పరేషాన్ అయితుండె. గా పిల్లకు నా బాయి అంటుకున్నది అనెటోడు. మరి చెప్పరాదా అంటె, చెప్తె హైదరాబాద్ తోలాలె, తోలినంక మల్ల గీడికెందుకొస్తది, గప్పుడు నా చెయ్యి ఎవరు పట్టుకుంటరు అనెటోడు.”

ఆమె తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పలేదు. మొగుడు కూరలో ఉప్పు ఎక్కువ తినేవాడని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. నేను బస్సు టైమైందని లేచాను.

బస్సులో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రేగొండ దాటింది, పరకాల దాటింది, నా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి. పదకొండేళ్ళు. ఇరవై ఐదేళ్ళ వయసులో నన్ను హైదరాబాద్ పంపి ఉంటే నా చెయ్యి ఈపాటికి తిన్నగా లేచేది. మంచివాడు, దేవుడు అని ఊరంతా చెప్పుకు తిరిగాను. తెలిసి తెలిసి నన్ను వంకరగా ఉంచాడు, తనకు తోడు కావాలని. పోయినవాళ్ళతో పోట్లాట పెట్టుకుంటే మనమే రెండు వైపులా మాట్లాడుకోవాలి. ఆయన వైపు ఏం మాట్లాడాలో తోచక హన్మకొండలో బస్సు మారాను.

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక కండక్టర్ టికెట్ అడిగితే బ్యాగు తెరిచాను. ఫోన్ చేతికి తగిలింది. అప్పుడు అర్థమైంది, ఆయన వైపు ఏం మాట్లాడాలో నాకు బాగానే తెలుసని. పన్నెండు రోజులుగా నేను మాట్లాడుకుంటున్నది అదే. పైగా ఆయనకు పెద్ద సార్ ఫోన్ చేసి నన్ను పంపమని అడగలేదు. ఈ పిల్లను పంపమని నన్ను అడిగారు. అప్పటిదాకా సార్‌ను తిట్టిన తిట్లన్నీ నా ఒళ్ళోకి వచ్చి పడ్డాయి. ఏడుపు అప్పుడు వచ్చింది. పక్క సీటు ఆమె తలనొప్పా అని అడిగి జండూబామ్ ఇచ్చింది. రాసుకున్నాను.

తెలిసిన మర్నాడే చెప్పేశానని రాస్తే బాగుండేది. మర్నాడు చెప్పలేదు. ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో సాకులు కూడా మిగల్లేదు, ఉత్త భయమే మిగిలింది. ఈ పిల్ల పోతే పొద్దున ఐదున్నరకు నేనేం చేస్తాను, ఎనిమిది మంది పిల్లలను పడేసి నేను ఒక్కసారి కూడా పడకుండా ఎన్నేళ్ళు ఉంటాను, ఇదే భయం. మనిషి పడటం మానేస్తే ఒళ్ళు బిగుసుకుపోతుందని సార్ అనేవారు. ఆ మాట మాత్రం ఆయన నిజంగా అన్నదే.

పదహారో రోజు క్లాసు అయ్యాక మిగతావాళ్ళను పంపేసి, చాపలు చుట్టమని ఆ పిల్లను ఆపాను. పెద్ద సార్ ఫోన్ చేశారు, నిన్ను పంపమన్నారు, గది ఉంది, చదువు సాగుతుంది అని చెప్పాను. ఎప్పుడు చేశారో చెప్పలేదు. మీ వాళ్ళతో నేను మాట్లాడతాను అన్నాను. ఆ పిల్ల చాప చుట్టడం ఆపకుండానే సరే మేడం అంది. ఏడవలేదు, ఎగరలేదు, ఎందుకు పొమ్మంటున్నారు అని కూడా అడగలేదు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఇంత తేలిగ్గా పోతుందా అని లోపల ఉక్రోషం కూడా వచ్చింది.

వాళ్ళ నాయిన ఒప్పుకున్నాడు. అన్న కొత్తగూడ నుంచి ఒక రేకు పెట్టె, బియ్యం మూట తెచ్చాడు. ముగ్గురం జనగామ బస్టాండుకు పోయాం. ఎండ మండిపోతోంది. అన్న నీళ్ళ సీసా కొనడానికి దుకాణం వైపు వెళ్ళాడు. మేమిద్దరమే మిగిలాం. ఇక చెప్పేద్దామనిపించింది. పెద్ద సార్ ఫోన్ చేసి చాలా రోజులైంది, పదహారు రోజులు నీకు చెప్పకుండా దాచాను, తప్పయింది అన్నాను. ఒక విద్యార్థిని ముందు తప్పయింది అనడం నాకు అదే మొదటిసారి.

పిల్ల నా మొహంలోకి చూడలేదు. జడ ముందుకు వేసుకుని కొస సర్దుకుంది.

“ఎరుకే మేడం. గా రోజే మా అన్న ఫోన్‌కు గూడ చేసిండు పెద్ద సారు. సెమినార్ ఫారంల నంబర్ గదే రాసిన గద.”

మరి అడగలేదేం అన్నాను. మీరు చెప్తేనే పోదామని ఆగాను అంది. నేను చెప్పకపోతే అన్నాను. 

“పోకపోతుంటి. నేను పోతె మిమ్ముల పడేసెటోళ్లు ఎవరున్నరు మేడం?”

ఇంతలో అన్న వచ్చాడు. హైదరాబాద్ బస్సు వచ్చింది, జనం తోసుకున్నారు. పెట్టె ఎక్కించాం. ఆ పిల్లకు కిటికీ సీటు దొరకలేదు, అవతలి వైపు కూర్చుంది, నాకు కనిపించలేదు. పదహారు రోజులూ నేను నా గురించే భయపడ్డాను. ఆ పిల్ల కూడా నా గురించే భయపడింది.